పెరిగే పిల్లలకు కుట్టిన జాకెట్లు

బడి యూనిఫారాలు కుట్టేవాళ్ళ చేతికి ఒక అలవాటు ఉంటుంది. టేపు ఏ కొలత చూపించినా, సుద్దముక్క గుడ్డ మీదికి వచ్చేసరికి తనంతట తానే కాస్త బయటికి జరుగుతుంది. పిల్ల పెరుగుతుంది కదా. ఈ జూన్‌లో కుట్టిన చొక్కా వచ్చే జూన్ దాటాలి, ఆ పైన చెల్లెలికి కూడా రావాలి. తల్లులు అడగక్కరలేదు. మనమే భుజాల దగ్గర కాస్త, చంకల కింద కాస్త, అంచు మడతలో ఇంకాస్త వదిలిపెడతాం. కొత్త బట్టల్లో పిల్లలు అన్నల చొక్కాల్లో దూరినట్టు కనిపిస్తుంటే అమ్మలు తృప్తిగా నవ్వుకుంటారు.

ఇప్పుడు మిషన్ ముందు కూర్చుంటున్న అమ్మాయిలకు ఇది కొత్త కాదు. మీ చేతికీ ఆ అలవాటు వచ్చే ఉంటుంది. ఆ అలవాటు మమ్మల్ని ఒకసారి ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో, ఎవరెవరి దయ వల్ల వెనక్కి వచ్చామో చెబుదామనే ఇది రాస్తున్నాను.

నేను బడి మెట్లు ఎక్కలేదు. సాయంత్రం దీపం పెట్టాక నాన్న అక్షరాలు దిద్దించేవాడు, మధ్యాహ్నాలు అమ్మ చినిగిన చీరల మీద కుట్టు నేర్పేది. ఆ రెండే నా చదువు. పెళ్ళయి నాంపల్లి వచ్చాక అమ్మ చెప్పిన చదువు అన్నం పెట్టింది. నాన్న చెప్పింది ఈ వయసులో మీతో మాట్లాడిస్తోంది. ఇద్దరికీ దండం.

అబిడ్స్ నుంచి స్టేషన్ వైపు వస్తుంటే ఒక సందులో పాత మేడ, దాని పై అంతస్తులో మా కుట్టుగది. కింద యూనిఫారాల దుకాణం. స్టేషన్‌లో రైలు వచ్చేముందు చెప్పే మాటలు మా కిటికీ దాకా వచ్చేసరికి కరిగిపోయి ఒట్టి రాగంలా మిగిలేవి. ఎక్కడికో వెళ్ళేవాళ్ళ పిలుపు అది. మేం మాత్రం కదలకుండా కాళ్ళు ఆడిస్తూ ఉండేవాళ్ళం. పాదం కిందికి నొక్కినప్పుడు ఒకసారి, పైకి లేచినప్పుడు ఒకసారి నేను స్వామి నామం అనుకునేదాన్ని. అలా ఎన్ని నిక్కర్లు, ఎన్ని లంగాలు ఆయన పేరు మీద కుట్టానో ఆయనకే తెలియాలి.

మా కటింగ్ మాస్టర్ పాత హైదరాబాదు మనిషి. వాళ్ళ తాతల కాలం నుంచీ కత్తెరే. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి, మెడలో టేపు వేలాడుతూ, గుడ్డ ముందు నిలబడితే పూజారిలా ఉండేవాడు. కాజాలు, గుండీల పని చూసే ఆవిడను అందరం కాజాలక్క అనేవాళ్ళం. పల్లెలో పొలం పోయి పట్నం వచ్చిన మనిషి. మాస్టర్‌ను ఎదిరించి మాట్లాడగలిగింది ఆ గదిలో ఆవిడ ఒక్కతే.

కరోనా వచ్చి బళ్ళు మూతబడి, మళ్ళీ తెరిచిన రోజులవి. యూనిఫారాల పని ఇంకా పుంజుకోలేదు. మిషన్ల మీద గుడ్డలు కప్పి కూర్చున్న అలాంటి ఒక మధ్యాహ్నం, కింది దుకాణం యజమాని సేట్ ఒక టీచరమ్మను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆమె చేతిలో నారింజరంగు జాకెట్ ఒకటి ఉంది, పెద్దవాళ్ళది. నీళ్ళలో మునగకుండా వేసుకునేది.

ఆమె పనిచేసే బడి ఒక ప్రాజెక్టు వెనక నీళ్ళ ఒడ్డున ఉందట. డ్యామ్ కట్టినప్పుడు ఊరు మునిగింది. మునిగిన ఊరి మనుషులు కొందరు నీళ్ళకు అవతల గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలు పడవ ఎక్కి బడికి రావాలి. చుట్టూ తిరిగి వచ్చే దారి ఉంది కానీ, అందులో నడిస్తే బడి అయిపోయే వేళకు చేరతారు.

"పిల్లల సైజులో కుట్టిస్తరా అన్నా? బజార్ల దొరికేవి ఉంటే గింత పెద్దగ ఉన్నయి, లేకుంటే బొమ్మలాటకు పనికొచ్చేటియి ఉన్నయి," అంది టీచరమ్మ. "జాకెట్లు లేకుండ పడవ ఎక్కనియ్యనని చెప్పిన. అందుకే పిల్లలు ఇంటికాడనే ఉంటున్నరు."

సేట్ మాస్టర్ వైపు చూశాడు. మాస్టర్ ఆ జాకెట్‌ను తిప్పి చూసి, అంచు వాసన చూసి, "గిదేమున్నది సేట్? చేతుల్లేని కోటు," అన్నాడు.

లోపల పెట్టే తెల్లటి ఫోమ్ ఉస్మాన్‌గంజ్‌లో దొరికింది. నీళ్ళు పీల్చనిదే కావాలని మాస్టర్ ఒక్కో దుకాణంలో ముక్క కోయించి, గ్లాసులో నానబెట్టించి మరీ తెచ్చాడు. మొదటి జాకెట్ తయారైన రోజు దానికి మా ఇస్త్రీపెట్టె కట్టి నీళ్ళ డ్రమ్ములో వేశాం. ఇస్త్రీపెట్టె తేలింది! ఇనుము నీళ్ళ మీద ఊగుతుంటే అందరం చప్పట్లు కొట్టాం. కాజాలక్క డ్రమ్ముకు దండం పెట్టింది.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలా అనిపిస్తాయి. పైకప్పులో అద్దపు పలక ఒకటి ఉండేది. దాని కింద నారింజరంగు గుడ్డ పరిస్తే వెలుగు దాని మీద పడి గది అంతా ఆ రంగే అయ్యేది. గోడలు, దారపు ఉండలు, మాస్టర్ గడ్డం, మా చేతులు అన్నీ పొద్దు గుంకే వేళలా మెరిసేవి. అప్పుడు ఏ వేళో తెలిసేది కాదు. నేను పాదం ఆడిస్తూ, ఎన్నడూ చూడని ఆ నీళ్ళను ఊహించుకునేదాన్ని. వాటి కింద ఊరు ఉందన్న మాట మనసులోంచి పోయేది కాదు. వీధులు, వాకిళ్ళు, తలుపులు తీసే ఉన్న ఇళ్ళు. వాటిపైన పడవ నీడ మెల్లగా జరిగిపోతూ ఉంటుంది. ఒక్కో జాకెట్ చివరి కుట్టు వేసేటప్పుడు, ఇది తొడుక్కునే బిడ్డను నీ చేతిలో పెట్టుకో స్వామీ అనుకునేదాన్ని.

కొలతలు టీచరమ్మే పంపింది. మాస్టర్ సుద్ద ఎప్పటిలాగే కాస్త బయటికి జరిగింది. మాలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు.

జాకెట్లు మూటలు కట్టి మాస్టరూ, కాజాలక్కా, నేనూ టీచరమ్మతో కలిసి బయల్దేరాం. బస్సు దిగి, ఆటో దిగి, చివరికి మట్టిబాట కొనకు వస్తే నీళ్ళు. నేను అంత నీరు ఎన్నడూ చూడలేదు. అల లేదు, చప్పుడు లేదు. ఆకాశం పడుకున్నట్టు ఉంది. దూరంగా నీళ్ళలోంచి ఎండిన చింతచెట్టు మొదలు ఒకటి బయటికి వచ్చి ఉంది, దాని మీద కొంగ.

పడవలో అవతలి ఒడ్డుకు చేరేసరికి తల్లులు, పిల్లలు మా కోసం ఎదురు చూస్తున్నారు. జాకెట్లు పంచుతుంటే పండగలా ఉంది. బెల్టులు చివరి దాకా లాగినా లోపల ఇంకో పిల్ల పట్టేంత చోటు మిగిలింది. తల్లులకు అది మహా సంతోషమైంది.

"మంచిగ కుట్టిన్రు. రెండు మూడేండ్లు ఫికర్ లేదు," అంది ఒకావిడ. మాస్టర్ గడ్డం నిమురుకున్నాడు.

ఒక ముసలమ్మ మాత్రం జాకెట్ వైపు చూడకుండా నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. పక్కన మనవరాలు, ఏడో తరగతి పిల్ల. సన్నగా, కళ్ళు పెద్దగా. టీచరమ్మ నా చెవిలో మెల్లగా చెప్పింది, ఈ పిల్ల తండ్రిని ఈ నీళ్ళే తీసుకున్నాయట. వల వేయడానికి మోకాలిలోతు నీళ్ళలో నడుస్తూ, అడుగున ఉన్న పాత ఊరి బావిలో కాలు పెట్టాడు. ఈత వచ్చిన మనిషే. బావి గట్టుకు తల తగిలిందో, వల కాళ్ళకు చుట్టుకుందో ఎవరికీ తెలియదు. ముసలమ్మకు ఆయన ఒక్కడే కొడుకు.

నేను వెళ్ళి పక్కన కూర్చుంటే ఆమె చెయ్యి చాపి నీళ్ళలోకి చూపించింది. "గాడ మా ఇల్లుండె. గా కొంగ ఉన్నది జూడు, గాడ మా పెరడు. పొద్దుగాల పడవల పోతే పోరి మా ఇంటి మీదికెల్లే పోవాలె."

అన్నీ పంచాక, పడవ నడిపే ఆయన ఒక మాట అన్నాడు. "అమ్మా, ఒక్క పిల్లను నీళ్ళల్ల దించి జూద్దాం. నేను పక్కనే ఉంట."

"డ్రమ్ముల చూసినమయ్యా, ఇస్త్రీపెట్టెనే తేలింది," అన్నాడు మాస్టర్ కాస్త నొచ్చుకుని.

పెద్ద కళ్ళ పిల్ల ముందుకొచ్చింది. బడి అంటే ప్రాణమట, ఎలాగైనా త్వరగా పడవ ఎక్కాలని తొందర. నడుము లోతు దాకా నడిచి, పడవాయన చెప్పినట్టు మోకాళ్ళు మడిచి నీళ్ళకు ఒళ్ళు అప్పగించింది.

జాకెట్ తేలింది. పిల్ల తేలలేదు.

భుజాల దగ్గర వదులుగా ఉన్న జాకెట్ పైకి లేచి చెవుల దాకా వచ్చింది. భయంతో పిల్ల చేతులు పైకెత్తింది. అంతే, చొక్కా విప్పినట్టు అందులోంచి కిందికి జారిపోయింది. నీళ్ళ మీద నారింజరంగు ఖాళీగా ఊగుతోంది, పక్కన నల్లగా జుట్టు పరుచుకుంటోంది. పడవాయన రెక్క పట్టుకుని పైకి లాగాడు. రెప్పపాటు పని. కానీ ఆ రెప్పపాటు నా లోపల ఇంకా పూర్తి కాలేదు అనిపిస్తుంది ఒక్కోసారి.

పిల్ల దగ్గి నీళ్ళు కక్కి ఏడ్చింది. ముసలమ్మ పరుగున వచ్చి కొంగుతో చుట్టేసింది. అరవలేదు. చాలా మెల్లగా అంది, "సాలు. బడి లేదు, గిడి లేదు. మేకలు కాసుకుంటది. మీ కోట్లు మీరే ఏసుకోన్రి."

మేము జాకెట్లన్నీ మళ్ళీ మూటలు కట్టుకున్నాం.  ఇస్త్రీపెట్టె చేతులు పైకెత్తదు కదా అని పడవలో నాకు తోచింది.

మర్నాడు కుట్టుగదిలో మాస్టర్ కత్తెర ముట్టుకోకుండా కూర్చున్నాడు. పొద్దున తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

"గింత కాలం సంది కోస్తున్న. టైట్ అయిందని ఒక్క తల్లి మెట్లెక్కి రాలే," అన్నాడు చివరికి, ఎవరినీ ఉద్దేశించకుండా.

"బడికి పోయే పిల్ల ఏడాదిల పెరుగుతది మాస్టర్," అంది కాజాలక్క దారం కొరుకుతూ. "మునిగే పిల్లకు ఏడాది ఏడుంటది? నీళ్ళల్ల ఉన్నంత సేపట్ల పెరుగుతదా?"

 మాస్టర్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆమెను చూశాడు. తర్వాత మూట విప్పి ఒక జాకెట్ బల్ల మీద పరిచి, "దా బిడ్డా, కుట్లు ఇప్పు," అన్నాడు నాతో.

ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. తప్పు ఎవరిదని లెక్క తీయడానికి కూర్చుంటే అందరికీ వాటా వచ్చేది. ఆయన కత్తెర తీశాడు, పని మొదలైంది.

భుజాలు పైకి లేపాం, చంకలు చిన్నవి చేశాం, పక్కలు ఒంటికి అంటేలా లోపలికి తీశాం. మధ్యలో టీచరమ్మ ఫోన్ చేసింది. "తల్లులు ఒప్పుకుంటలేరన్నా. మరీ బిగిస్తే వచ్చే ఏడాదికి ఎట్ల అంటున్నరు. మళ్ళ కుట్టించేదెవరు అంటున్నరు."

మాస్టర్ గుడ్డ వైపే చూస్తూ చెప్పాడు. "పక్కల గుడ్డ కోస్తలేనమ్మా. లంగాకు అంచు మడిచినట్టు లోపలికి మడిచి రెండో కుట్టు ఏస్తున్న. వచ్చే ఏడాది గా కుట్టు ఒక్కటి ఇప్పితే పెద్దగైతది. కానీ ఇప్పినంక మళ్ళ నీళ్ళల్ల దించి చూడాలె. గది చెప్పు వాళ్ళకు."

ఎంత బిగించినా పైకి లేవకుండా ఉండాలంటే కింద నుంచి ఒక పట్టీ కావాలి. టీచరమ్మ తెచ్చిన పెద్ద జాకెట్‌కు రెండు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంది. మేము మొదట దాన్ని వదిలేశాం. పిల్లలకు ఇదెందుకు, ఊరికే అడ్డం అనుకున్నాం. ఇప్పుడు మాస్టర్ అలాంటి పట్టీలు కోస్తుంటే కాజాలక్క నవ్వింది.

"గిది ఆడపిల్లలకా? కాళ్ళ నడుమ పట్టీ పెట్టి, పై బట్ట పైకి గుంజుకొని అందరి ముందట నిలబడాలెనా? వాళ్ళ అమ్మలు గా పట్టీ మనకే కట్టి పంపుతరు."

"మరి ఏం జెయ్యాలె? మునగాల్నా?"

"అరవకు జర. నన్ను చూడనియ్యి."

హ్యాంగర్‌కు పెద్ద ఆడపిల్లల యూనిఫారం ఒకటి వేలాడుతోంది, చుడీదార్, దాని మీద పొడుగు పైచొక్కా. కాజాలక్క దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత పైచొక్కాకు పక్కన ఉండే చీలికలోంచి చెయ్యి లోపలికి పెట్టి, తొడ ఉండే చోటు చుట్టూ తిప్పి, మళ్ళీ అదే చీలికలోంచి బయటికి తీసింది.  మాస్టర్ తల ఊపాడు. ఒక్కో కాలికి ఒక్కో పట్టీ, జాకెట్ పక్క నుంచి వచ్చి, చొక్కా కింద తొడను చుట్టి, మళ్ళీ జాకెట్ పక్కకే. బయటికి కనపడదు. లాగితే జాకెట్ కదలదు.

మేము ఆ రోజు, ఆ తర్వాత రోజూ కుట్టాం. కాజాలక్క మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలాలు తెచ్చి మిషన్ల మధ్య పెట్టింది. ఆ తీపి చేతులతో గుడ్డ ముట్టుకుంటే చీమలు పడతాయని మాస్టర్ తిట్టాడు. అంతా మామూలుగానే ఉన్నట్టు ఉంది. నాకు మాత్రం పాదం కింద నామం ఆగిపోయింది. ఆ పిల్ల జుట్టు కనపడుతూ ఉండేది, నీళ్ళ మీద విచ్చుకుంటూ. స్వామీ, తప్పు చూపించడానికి పడవాయనను పంపావు, సరిదిద్దుకోవడానికి వ్యవధి ఇచ్చావు, ఇంక అడగడానికి నాకు నోరు లేదు, కానీ ఆ పిల్లను మేకల దగ్గర వదిలేయకు అనుకున్నాను.

ఆదివారం మళ్ళీ వెళ్ళాం.

పొద్దున మంచు ఇంకా నీళ్ళ మీద నుంచి లేవలేదు. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియలేదు. పడవాయన తెడ్డు వేస్తుంటే చుక్కలు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కొంగ కూర్చునే చెట్టు మొదలు పక్కగా వచ్చినప్పుడు నేను కిందికి చూశాను. ఏమీ కనబడలేదు, పచ్చటి చీకటి తప్ప. కానీ ఎవరిదో వాకిట్లోంచి అడగకుండా వెళ్తున్నట్టు అనిపించి చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాను.

ఒక్కో పిల్లకు జాకెట్ తొడిగి, పడవాయన నడుము లోతులో దించి చూశాడు. చేతులు పైకెత్తమన్నాడు. పడవ తోసినట్టు భుజాలు పట్టి ఊపాడు. జాకెట్లు ఒంటిని వదల్లేదు. గడ్డాలు నీళ్ళ పైనే ఉన్నాయి. తల్లులు పట్టీలు వేసే పద్ధతి కాజాలక్క దగ్గర నేర్చుకుని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

పెద్ద కళ్ళ పిల్ల రాలేదు. గట్టు మీద మేకల మధ్య అటు తిరిగి కూర్చుంది. టీచరమ్మ వెళ్ళి బతిమాలింది. ముసలమ్మ అడ్డం నిలబడింది. "మీకు దండం పెడుత. జోలికి రాకున్రి."

అప్పుడు మాస్టర్ చేసిన పని చూడాలి. చేతిగడియారం తీసి నా చేతిలో పెట్టాడు. మేము పడవ ఎక్కడానికని మా కొలతలకు కుట్టుకున్న జాకెట్లలో తనది తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, ప్యాంటు చొక్కా కళ్ళద్దాలతో సహా నీళ్ళలోకి నడిచాడు. బకెట్ నీళ్ళు తప్ప ఎరగని మనిషి.

"మాస్టర్, ఏం జేస్తున్నవ్!" అని కాజాలక్క అరిచింది.

నడుము దాటాక ఆయన కాళ్ళు తేలిపోయాయి. ఒక్కసారి "అమ్మా" అన్నాడు. పడవాయన పక్కకు చేరాడు కానీ పట్టుకోలేదు. మాస్టర్ వెల్లకిలా తిరిగాడు. గడ్డం, కళ్ళద్దాలు ఆకాశానికి చూపిస్తూ, మెల్లగా, చాలా మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. నీళ్ళ మీద పడ్డ ఆకు తిరిగినట్టు.

"ఓ మాస్టర్! గట్లనే బొంబాయికి పోతవా ఏంది?" అంది కాజాలక్క.

ఆయన జవాబు చాలాసేపటికి వచ్చింది, నీళ్ళ మీద నుంచి, నిద్రలో మాట్లాడినట్టు. "ఆకాశం... గింత ఉన్నదా?"

గట్టు మీద ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే ఆ పిల్ల. మేకలను వదిలి నిలబడి ఉంది. నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముసలమ్మ కూడా ఆ నవ్వు విన్నది. మనవరాలిని చూసింది, నీళ్ళను చూసింది, తర్వాత నన్ను చూసింది. "గీ కోటు కుట్టింది నువ్వేనా?"

"మేమందరం కుట్టినం అవ్వా," అన్నాను.

"అయితే దానితోని నువ్వు దిగుతవా?"

నాకు ఈత రాదు. చెరువులో కాలు కూడా తడపని దాన్ని. నోరు తెరిచేలోపే నా తల అవునని ఊగింది. అది నేను ఊపింది కాదని నా నమ్మకం. కుచ్చెళ్ళు దోపుకుంటుంటే ముసలమ్మే ఆపింది. "చీరతోని దిగకు. చీర నీళ్ళు తాగి కాళ్ళకు సుట్టుకుంటది." టీచరమ్మ సంచిలో ఉన్న చుడీదార్ ఇచ్చింది. మనవలున్న వయసులో నేను మొదటిసారి చుడీదార్ వేసుకుంది అక్కడ, ఒక గుడిసె చాటున. కాజాలక్క పట్టీలు వేస్తూ, "అక్కా, పెండ్లిపిల్ల లెక్క ఉన్నవ్," అని గిల్లింది.

నేనూ ఆ పిల్లా చెయ్యి చెయ్యి పట్టుకుని దిగాం. నీళ్ళు చల్లగా పాదాలు పట్టుకున్నాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. బురద మెత్తగా ఉంది.  పడవాయన మా ముందు వెనక్కి నడుస్తూ, "ఇంకో అడుగు, ఇంకో అడుగు," అంటున్నాడు. ఒక అడుగు దగ్గర నేల లేదు.

నా లోపలి నామం కూడా ఆ క్షణాన మాట మానేసింది. చెవుల్లో నీళ్ళ హోరు. తర్వాత జాకెట్ చంకల కింద నన్ను ఎత్తుకుంది, అమ్మ బిడ్డను చంకన వేసుకున్నట్టు. కళ్ళు తెరిచాను. పిల్ల ముఖం నా పక్కనే ఉంది, పొడిగా. నెరసిన జుట్టు ముడి నాది, రెండు రిబ్బను జడలు ఆమెవి. ఇద్దరం నీళ్ళలో నిలువుగా, కింద ఏమీ లేకుండా, పైన అంతా వెలుగుతో ఊగుతున్నాం. మంచు ఎప్పుడు కరిగిందో. కింద ఎక్కడో వీళ్ళ నాన్న ఆడుకున్న వీధి ఉంది. పైన మేము ఉన్నాం. భయం ఉంది, కానీ దూరంగా, గట్టు మీద వదిలేసిన బట్టల్లా.

"పెద్దమ్మా," అంది పిల్ల.

"ఏందమ్మా?"

"జర చెయ్యి ఇడువు."

నేను విడవలేకపోయాను. ఎలా విడవను? గట్టు వైపు చూశాను. ముసలమ్మ మోకాలి లోతు దాకా నీళ్ళలోకి వచ్చేసింది. చీర అంచు నీళ్ళ మీద పరుచుకుంటోంది, దాని ధ్యాసే లేదు ఆమెకు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని మనవరాలినే చూస్తోంది. పెదవులు కదిలాయి. 

"ఇడువు," అంది ముసలమ్మ.

విడిచాను.

పిల్ల నా నుంచి మెల్లగా జరిగింది. రెండు చేతులూ పైకెత్తింది, ఈసారి తనంతట తానే, పరీక్ష పెట్టినట్టు. జాకెట్ కదల్లేదు. చేతులతో నీళ్ళు కొట్టి, ఆ తుంపరల్లోంచి, "నాయనమ్మా, చూడు!" అని అరిచింది. ముసలమ్మ చూడలేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సోమవారం. మేము రాత్రికి అక్కడే ఉండిపోయాం, పిల్లలు బడికి వెళ్ళడం చూసి పోదామని. పొద్దున రేవు దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మ అప్పటికే పడవ ముందు నిలబడి ఉంది. వచ్చిన పిల్లనల్లా ఆపి, జాకెట్ భుజాలు రెండూ పట్టుకుని పైకి లాగుతోంది. గడ్డం దాటి పైకి వస్తే వెనక్కి పంపుతోంది, పట్టీ బిగించుకుని రమ్మని. రాకపోతే వీపు మీద ఒక దెబ్బ వేసి పడవ ఎక్కిస్తోంది. ఎవరు చెప్పారు ఆమెకు? మేము చెప్పలేదు. మొదటిసారి నీళ్ళలో జాకెట్ పైకి లేవడం ఆమె చూసింది కదా. మనవరాలికి మాత్రం రెండుసార్లు లాగి చూసింది. పిల్ల విసుక్కుంటూనే నిలబడింది.

ఆ పిల్ల ఇప్పుడు పట్నంలోనే చదువుతోంది. సెలవులకు వెళ్ళేటప్పుడు నాంపల్లిలో మా ఇంటికి వచ్చి పోతుంది. ముసలమ్మ రేవు వదల్లేదట. పడవ కదలాలంటే ఆమె చెయ్యి పడాల్సిందే. ఈ పిల్లలను చూసి, ఒడ్డు వెంట ఉన్న వేరే ఊళ్ళ తల్లులు కూడా మా దగ్గర ఇంకొన్ని కుట్టించుకున్నారు. మాస్టర్ పని మానేసే దాకా వాటిని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే కోశాడు. ఆయన కత్తెర, కాజాలక్క కళ్ళు, పడవాయన అనుమానం, ఆ పిల్ల తెగువ, ఇన్ని కలిస్తే కుదిరిన కొలత అది. నేను కుట్టాను, అంతే. నాకు ఆ పని దొరికినందుకు రోజూ దీపం దగ్గర దండం పెట్టుకుంటాను.

అమ్మాయిలూ, మీలో ఎవరైనా రేపు అలాంటివి కుట్టవలసి వస్తే ఒక్క మాట. తొడుక్కునే బిడ్డ ఒంటి మీద, నీళ్ళలో, పక్కన ఈత వచ్చిన మనిషిని పెట్టుకుని చూడకుండా పని అయిందనుకోకండి.

ఆ సోమవారం పొద్దున చివరగా నేను, టీచరమ్మ ఇచ్చిన చుడీదార్ మీదే జాకెట్ తొడుక్కుని, పడవ దగ్గరికి వెళ్ళాను. పిల్లలంతా కూర్చున్నారు, అందరి కంటే ముందు ఆ పెద్ద కళ్ళ పిల్ల, పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇన్ని జాకెట్లు కుట్టిన దాన్ని, నిన్న నీళ్ళలో తేలిన దాన్ని, నన్నెవరు ఆపుతారని కాలు పైకెత్తాను. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నా జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగింది. అది ముక్కు దాకా వచ్చింది.

"దిగు," అంది.

"అవ్వా, ఇది నేను కుట్టిందే."

"ఎవరు కుడితే ఏంది? దిగి బిగించుకో. నా మనవరాలు ఉన్నది గా పడవల, నువ్వు మునిగితే దాన్నే పట్టుకుంటవ్."

పిల్లలంతా నవ్వారు. నేను గట్టు మీద నిలబడి పట్టీలు ఒక్కొక్కటీ బిగించుకున్నాను. ముసలమ్మ మళ్ళీ లాగి చూసింది. అప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చింది.